సూచనే గాని శాసనం కాదు

మైదుకూరు వాసులకు భవిష్యత్తును గురించిన ముచ్చట కొత్తది కాదు. మా పట్టణానికి కొద్ది దూరంలోనే బ్రహ్మంగారి మఠం ఉంది. కాలజ్ఞానం చెప్పిన పోతులూరి వీరబ్రహ్మం పేరు ఎరుగని ఇల్లు ఈ సీమలో లేదు. ఆయన శిష్యుడైన సిద్దయ్య దూదేకుల ముస్లిం కుటుంబంలో పుట్టినవాడని కూడా ఇక్కడ చాలామందికి తెలుసు. అందుకే కాబోలు, ఎక్కడ ఏ విపరీతం జరిగినా "ఇది ముందే చెప్పి ఉన్నారు" అనడం ఈ ప్రాంతంలో అలవాటుగా మారింది. ముస్లింలుగా మన విశ్వాసం వేరు. అగోచర జ్ఞానం, అంటే గైబ్, అల్లాహ్‌కు మాత్రమే చెందినదని, ఎవరి ఆయువు ఎక్కడ ఎప్పుడు ముగుస్తుందో ఆయనకు తప్ప మరెవరికీ తెలియదని మనం నమ్ముతాం. అయినా ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు వచ్చిందంటే చాలు, ఆ నమ్మకం గుండెలో ఉండగానే నోరు మాత్రం అడిగేస్తుంది: "ముందు ఏమవుతుందో తెలుసుకునే దారి ఏదైనా ఉందా?" మా కుటుంబంలో ఈ ప్రశ్న వైద్యుని ఎదుట, రక్తపరీక్షల కాగితాల నడుమ తలెత్తింది. ఆ కాగితాలు ఏమి చెప్పగలవో, ఏమి చెప్పలేవో తెలుసుకోవడానికి మాకు చాలా కాలం పట్టింది. అలా తెలుసుకున్నది మరో కుటుంబానికి ఉపయోగపడవచ్చునన్న ఆశతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అన్నగారు రైతు. కె.సి. కాలువ కింద రెండు ఎకరాల పొలం ఉంది. పసుపు, ఉల్లి పండిస్తారు. ఒంట్లో నలతగా ఉందని ఏనాడూ మంచం పట్టిన మనిషి కాదు. 2024 ఆగస్టులో కడుపు ఉబ్బరంగా ఉందని ప్రొద్దుటూరులో ఒక వైద్యునికి చూపించుకుంటే, ఆయన అల్ట్రాసౌండ్ స్కాన్ రాశారు. కడుపులో దోషమేమీ కనిపించలేదు గాని, కుడి మూత్రపిండం మీద ఎనిమిది సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. నొప్పి లేదు, మూత్రంలో రక్తం లేదు, జ్వరం లేదు. ఈ వ్యాధి చాలామందిలో ఇలాగే, మరి దేనికోసమో తీసిన స్కాన్‌లో యాదృచ్ఛికంగా బయటపడుతుందని తర్వాత తెలిసింది. 2022లో ప్రపంచవ్యాప్తంగా నాలుగు లక్షల ముప్పై వేల మందికి పైగా మూత్రపిండ క్యాన్సర్ కొత్తగా బయటపడింది. ఆ లెక్కలో ఏదో ఒకనాడు మన ఇంటి మనిషి కూడా చేరతాడని ఎవరూ అనుకోరు.

తిరుపతిలో ఆపరేషన్ జరిగింది. కుడి మూత్రపిండాన్ని పూర్తిగా తొలగించారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ప్రభుత్వ పథకం ఆ ఖర్చును భరించింది. అల్‌హందులిల్లాహ్, ఎనిమిదో రోజున అన్నగారు తమ కాళ్ల మీద తాము నడిచి ఇంటికి వచ్చారు. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైంది.

తొలగించిన భాగాన్ని పరీక్షించిన ప్రయోగశాల రిపోర్టు రెండు వారాలకు చేతికందింది. క్లియర్ సెల్ రకం, గ్రేడు మూడు, మూత్రపిండం చుట్టూ ఉండే కొవ్వులోకి కాస్త చొచ్చుకుపోయింది, గ్రంథులకు పాకలేదు అని అందులో ఉంది. పెద్దవారిలో వచ్చే మూత్రపిండ క్యాన్సర్లలో నూటికి డెబ్బైకి పైగా ఈ క్లియర్ సెల్ రకానివే. వదినగారు రిపోర్టు మొత్తం విన్న తర్వాత వైద్యుణ్ణి ఒకే ప్రశ్న అడిగారు: "అయ్యా, ఇది మళ్లీ వస్తుందో రాదో రక్తపరీక్షలో తెలియదా?"

ఆయన ఇచ్చిన సమాధానం నాకు ఇప్పటికీ గుర్తున్నది. ప్రొస్టేట్ గ్రంథిని తొలగించిన వారికి పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష ఉంటుంది. గ్రంథి పోయాక ఆ అంకె దాదాపు సున్నాకు పడిపోవాలి. మళ్లీ పెరగడం మొదలుపెడితే వ్యాధి తిరిగి వచ్చిందేమోనని వెదుకుతారు. మూత్రపిండ క్యాన్సర్‌కు అటువంటి పరీక్ష వాడుకలో ఒక్కటీ లేదు. "రక్తంలో సూచనలు ఉన్నాయమ్మా, సాక్ష్యం మాత్రం స్కాన్‌లోనే" అన్నారాయన.

నేను ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లు గణితం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. అంకెలంటే భయం లేదు. అయితే తోబుట్టువు పేరిట ఉన్న అంకెను చదవడం వేరని అప్పుడే అర్థమైంది. ఆపరేషన్ తర్వాత వ్యాధి తిరిగి వచ్చే అవకాశాన్ని అంచనా వేయడానికి వైద్యులు కొన్ని మార్కుల పద్ధతులను వాడుతారు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2003లో ప్రకటించిన లీబోవిచ్ పద్ధతి వాటిలో ప్రసిద్ధమైనది. గడ్డ ఎంత దూరం చొచ్చుకుపోయింది, గ్రంథులకు పాకిందా, పరిమాణం ఎంత, గ్రేడు ఎంత, గడ్డలో కణాలు చనిపోయిన జాడ ఉన్నదా అనే అయిదు అంశాలకు మార్కులు వేసి కూడుతారు. ఆ అయిదింటిలో ఒక్కటి కూడా రక్తపరీక్ష కాదు. అన్నగారి మొత్తం మధ్యస్థ వర్గంలో పడింది. ఆ పద్ధతిని రూపొందించినప్పుడు, మధ్యస్థ వర్గానికి చెందిన వారిలో నూటికి సుమారు 74 మందికి అయిదేళ్లలో వ్యాధి మరో చోటికి పాకలేదు. మిగిలిన 26 మందికి పాకింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరగతి గదిలో సంభావ్యత పాఠం ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. సంచిలో 74 తెల్ల గోళీలు, 26 నల్ల గోళీలు ఉన్నాయి, ఒకటి తీయండి అంటూ పిల్లల చేత లెక్కలు చేయించాను. సంచి గురించి మనకు చాలా తెలుసు, చేతికి రాబోయే గోళీ గురించి మాత్రం ఏమీ తెలియదు. మా అన్నగారు నూటికి డెబ్బైనాలుగు వంతులు క్షేమంగా, ఇరవై ఆరు వంతులు రోగిగా ఉండే మనిషి కారు. ఆయన ఒక్కరు. వ్యాధి తిరిగి వస్తుంది, లేదా రాదు. ఆ అంకె ఆయనను పోలిన నూరుమందిని గురించి మాట్లాడుతున్నదే తప్ప ఆయనను గురించి కాదు.

ఇక రక్తం మాటకు వద్దాం. మూత్రపిండ క్యాన్సర్ రక్తంలో తన జాడలను చాలా చోట్ల వదులుతుంది. శరీరంలో వాపు స్వభావం గల ప్రతిచర్యను రేపి కాలేయం చేత సీ-రియాక్టివ్ ప్రోటీన్‌ను అధికంగా తయారు చేయిస్తుంది. 1930లో కనుగొన్న ఈ ప్రోటీన్‌నే మన ల్యాబుల్లో సీఆర్‌పీ అంటారు. కొందరిలో రక్తహీనత వస్తుంది, ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, కాల్షియం హెచ్చుతుంది. కొందరిలో కాలేయానికి వ్యాధి పాకకపోయినా కాలేయ పరీక్షలు చెడుతాయి. 1961లో స్టాఫర్ అనే వైద్యుడు వివరించిన ఈ వింత, గడ్డను తొలగించాక చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే వైద్యులు అనుమానంతో చూస్తారు. వ్యాధి ఇతర అవయవాలకు పాకిన వారి విషయంలో హిమోగ్లోబిన్, కాల్షియం, న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు అనే నాలుగు రక్తపరీక్షలను కలిపి లెక్కించే పద్ధతి 2009 నుంచి వాడుకలో ఉంది. ఇవేవీ ఖరీదైన పరీక్షలు కావు. మైదుకూరులోని చిన్న ల్యాబులో కూడా వీటిలో చాలావరకు జరుగుతాయి.

అయితే ఈ సూచనలకు ఒక బలహీనత ఉంది. ఇవి క్యాన్సర్‌కు మాత్రమే పరిమితమైనవి కావు. పంటి నొప్పికీ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కూ, కీళ్ల వాతానికీ సీఆర్‌పీ పెరుగుతుంది. ఆపరేషన్ గాయానికే అది ఆకాశానికి ఎగిరి, వారాల మీద దిగి వస్తుంది. ఎవరి రక్తం, ఏ రోజున, ఏ స్థితిలో తీసినది అన్నది తెలియకుండా అంకెను చదవడం, ఊరి పేరు లేని ఉత్తరాన్ని బట్వాడా చేయబోవడం వంటిదే.

మా ఇంట్లో ఇది అనుభవంలోకి వచ్చింది. అన్నగారి చిన్న కూతురు డిగ్రీ చదువుతున్నది. తెల్ల రక్తకణాలలో న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఎక్కువగా ఉన్నవారికి ఆపరేషన్ తర్వాత ఫలితాలు అంత బాగా లేవని ఆమె ఫోనులో ఎక్కడో చదివింది. ఆపరేషన్‌కు ముందు తీసిన రిపోర్టు వెదికింది. న్యూట్రోఫిల్స్ 78, లింఫోసైట్స్ 14. భాగించి చూస్తే అయిదున్నర దాటింది. మూడు దాటితేనే ప్రమాదమని తాను చదివిన చోట ఉన్నదట. ఆ పిల్ల అన్నం ముట్టకుండా గదిలో కూర్చుని, చీకటి పడ్డాక నా దగ్గరికి వచ్చి, "చిన్నాయనా, నాయనకు ఎన్నాళ్లని చెప్పినారు?" అని అడిగింది.

ఆమె చదివినది అబద్ధం కాదు. ఈ నిష్పత్తికీ, ఫలితాలకూ సంబంధం ఉన్నదని ఎన్నో పరిశోధనలు చెప్పాయి. అయితే ఏ అంకె దగ్గర గీత గీయాలన్న విషయంలో ఆ పరిశోధనలు ఏకీభవించలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క గీత గీశారు. పైగా ఆ రక్తం తీసిన రోజున అన్నగారికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంది, మందులు వాడుతున్నారు. ఇన్‌ఫెక్షన్ వస్తే న్యూట్రోఫిల్స్ పెరగడం శరీర ధర్మం. మూడు నెలల తర్వాత అదే పరీక్ష చేయిస్తే న్యూట్రోఫిల్స్ 62, లింఫోసైట్స్ 31 వచ్చాయి. నిష్పత్తి సరిగ్గా రెండు. ఆ మూడు నెలల్లో ఆ బిడ్డ పడిన వేదనకు కారణం వ్యాధి కాదు, సందర్భం తెలియని ఒక భాగహారం. మన పిల్లలు ఇప్పుడు ఇంట్లోని ప్రతి రిపోర్టునూ ఫోనులో వెదికి చూస్తున్నారు. వద్దని వారించలేం. కానీ చూసినదాన్ని మనసులో దాచుకోకుండా పెద్దలతో, వైద్యులతో మాట్లాడే చనువు మాత్రం వారికి ఇవ్వాలి.

భయం ఉన్న చోటికి వ్యాపారం కూడా వస్తుంది. ఆ రోజుల్లోనే ఒక ల్యాబు తరఫున ఒక యువకుడు ఇంటికి వచ్చి, "క్యాన్సర్ మార్కర్ల ప్యాకేజీ" అని ఒక కరపత్రం చూపాడు. వేల రూపాయల ఖరీదు. అందులోని పేర్లను కాగితం మీద రాసుకుని తర్వాత వైద్యునికి చూపించాను. ఒకటి పెద్దప్రేగుకు, ఒకటి అండాశయానికి, ఒకటి క్లోమానికి, మరొకటి కాలేయానికి సంబంధించినవి. మూత్రపిండ క్యాన్సర్ పర్యవేక్షణకు అక్కరకు వచ్చేది వాటిలో ఒక్కటీ లేదు. ఆయన నవ్వి కాగితం మడిచి నా చేతికిచ్చారు. పరీక్ష పేరులో క్యాన్సర్ అన్న మాట ఉన్నంత మాత్రాన అది మన క్యాన్సర్‌కు పనికివస్తుందని అనుకోరాదు.

అయితే ఆశ కలిగించే పరిశోధన లేకపోలేదు. మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టాక వచ్చిన ద్రవం నుంచి శరీరానికి కావలసినవాటిని తిరిగి పీల్చుకునే సన్నని నాళికలు ఉంటాయి. ఆ నాళికల కణాలు గాయపడినప్పుడు వాటి ఉపరితలం మీద ఒక ప్రోటీన్ విస్తారంగా కనిపిస్తుంది. 1998లో దీనిని వర్ణించిన శాస్త్రజ్ఞులు "మూత్రపిండ గాయ సూచక అణువు" అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. పొట్టి పేరు కిమ్-1. క్లియర్ సెల్ క్యాన్సర్ పుట్టేది ఆ నాళికల కణాల నుంచే. అందువల్ల ఆ గడ్డ కూడా కిమ్-1ను తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. గడ్డను తొలగించాక కూడా రక్తంలో అది ఎక్కువగానే ఉంటే, కంటికి కనిపించని కణాలు ఎక్కడో మిగిలి ఉన్నాయేమోనన్నది శాస్త్రజ్ఞుల తర్కం. అమెరికాలో దాదాపు రెండు వేల మంది రోగులతో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో నిల్వచేసిన రక్త నమూనాలలో కొన్నింటిని పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ తర్వాత కిమ్-1 ఎక్కువగా ఉన్నవారిలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. 778 మందితో జరిగిన మరో అధ్యయనంలో ఒక ఇమ్యునోథెరపీ మందు మొత్తం మీద పని చేయలేదని 2022లో తేలింది. కానీ ఆ రక్త నమూనాలనే మళ్లీ విశ్లేషించినప్పుడు, కిమ్-1 ఎక్కువగా ఉన్నవారికి మాత్రం ఆ మందు కొంత మేలు చేసినట్లు 2024లో వెల్లడైంది. ఇది జరిగిపోయిన అధ్యయనాన్ని వెనుదిరిగి చూసి చెప్పిన మాట. ముందుగా అనుకుని చేసిన కొత్త అధ్యయనంలో రుజువు కావాలి. అందుకే ఈ పరీక్ష ఇంకా నిత్య వైద్యంలోకి రాలేదు.

ఇటువంటి పరీక్ష ఎందుకు కావాలో మా ఇంట జరిగిన చర్చ చెబుతుంది. ఆపరేషన్ తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును దాదాపు ఏడాదిపాటు, మూడు వారాలకొకసారి ఎక్కించే చికిత్స ఉంది. 994 మందితో జరిగిన అధ్యయనం దాని మేలును రుజువు చేసింది. మందు తీసుకున్నవారిలో నాలుగేళ్లకు నూటికి 91 మంది జీవించి ఉండగా, తీసుకోనివారిలో 86 మంది ఉన్నారు. నూటికి అయిదుగురి ప్రాణాలు. అది చిన్న సంగతి కాదు. అయితే తీవ్రమైన ఇబ్బందులు కూడా మందు తీసుకున్నవారిలోనే ఎక్కువ. ఇక ఖర్చు లక్షల మీద లక్షలు. మా విషయంలో దాని అర్థం, కాలువ కింది పొలం.

వదినగారు క్షణం తటపటాయించలేదు. "పొలం మళ్లీ కొనుక్కోవచ్చు, మనిషిని కొనలేము" అన్నారు. అన్నగారు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు ఇషా నమాజు తర్వాత నన్ను పిలిచి, "ఆ నూరుమంది లెక్క మళ్లొకసారి చెప్పు తమ్ముడూ" అన్నారు. చెప్పాను. మందు లేకున్నా 86 మంది ఉన్నారు. మందుతో మరో అయిదుగురు ఉన్నారు. మందు తీసుకున్నా తొమ్మిదిమంది లేరు. ఆ అయిదుగురిలో తాను ఉంటారో లేదో చెప్పగల పరీక్ష ఈనాడు లేదు. అన్నగారు చాలాసేపు ఊరకుండి, "నా వైద్యానికి నా బిడ్డల బువ్వ అమ్మను. స్కానులకు మాత్రం ఒక్కసారి కూడా తప్పను" అన్నారు. వైద్యునికి ఆ మాట చెప్పాం. రెండు దారులూ ఆలోచించి ఎంచుకోదగినవేనని, జబ్బు తిరిగి వస్తే అప్పుడు వాడదగిన మందులు ఉన్నాయని, కానీ పర్యవేక్షణలో అలసత్వం పనికిరాదని ఆయన అన్నారు. వదినగారు ఏడ్చారు. ఆమె కన్నీటిలోనూ న్యాయం ఉంది, ఆయన నిర్ణయంలోనూ న్యాయం ఉంది. మరో కుటుంబం పొలం అమ్మి మందు ఎక్కించుకుంటే వారినీ తప్పుపట్టలేం. రేపు ఎవరికి ఆ మందు అవసరమో, ఎవరికి అనవసరమో ఒక రక్తపరీక్ష విడదీసి చెప్పగలిగితే, ఎన్ని ఇళ్లలో ఈ కన్నీరు ఆగుతుందో ఊహించండి. పరిశోధనల విలువ అక్కడ తెలుస్తుంది.

ఒక బంధువు నన్ను అడిగారు: "ఇంకా రాని జబ్బును గురించి ముందే లెక్కలు వేయడం గైబ్‌లో వేలు పెట్టడం కాదా?" మంచి ప్రశ్న. మా సీమ రైతు పడమటి దిక్కున మబ్బు చూసి, కల్లంలో ఆరబెట్టిన పసుపు మీద పట్ట కప్పుతాడు. వాన కురుస్తుందని అతడు శాసించలేదు. అల్లాహ్ సృష్టిలో ఉంచిన సూచనను చూసి తన జాగ్రత్తలో తానున్నాడు. కురవకపోతే పట్ట తీసేస్తాడు. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్ మీద భారం వేయమన్న ప్రవక్త బోధ మనకు తెలిసినదే. జోస్యుడు సందేహం లేదంటాడు, శాస్త్రజ్ఞుడు తన సందేహాన్ని అంకెలో పెట్టి చూపుతాడు. నూటికి 74 అనడంలోనే, మిగిలినది మా చేతిలో లేదన్న ఒప్పుకోలు ఉంది. ఆ వినయం ఉన్నంతవరకు వైద్యుని అంచనా మన విశ్వాసానికి విరుద్ధం కాదు. ఆ అంచనాను తీర్పుగా భావించి ఆశ వదులుకోవడమో, లేక అంకెలు బాగున్నాయని జాగ్రత్త వదులుకోవడమో చేసినప్పుడే మనం దారి తప్పుతాం.

ఈ రెండోది కూడా మా ఇంటి గడప దాకా వచ్చింది. మూడు నెలల రక్తపరీక్షలన్నీ చక్కగా వచ్చేసరికి బంధువులలో కొందరు, "ఇంక స్కాన్ ఎందుకు? డబ్బు దండగ, తిరుపతికి పోయి రావడం దండగ" అన్నారు. మబ్బు చూసి ముంత ఒలకబోసుకున్నట్లు అంటారే, అటువంటి సలహా అది. ఈ వ్యాధి తిరగబెడితే ఎక్కువగా ఊపిరితిత్తులలో కనిపిస్తుంది. చాలావరకు మొదటి మూడేళ్లలోనే బయటపడుతుంది గాని, పదేళ్ల తర్వాత వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అన్నగారు మాట తప్పలేదు. వెళ్లారు. రక్తంలో ఏ దోషమూ లేని ఆ నెలలోనే, సీటీ స్కాన్‌లో ఎడమ ఊపిరితిత్తిలో నాలుగు మిల్లీమీటర్ల చుక్క ఒకటి కనిపించింది. ఎప్పటిదో ఇన్‌ఫెక్షన్ మచ్చ కావచ్చు, మరొకటి కావచ్చు, ఇంత చిన్నదానికి వేచి చూడడమే వైద్యమని అన్నారు. తర్వాతి స్కాన్‌లో అది అలాగే ఉంది. ఆ తర్వాతి దానిలోనూ పెరగలేదు. ఆ చుక్క ఏమిటో మాకు ఈనాటికీ తెలియదు. రక్తం దానిని గురించి నోరు విప్పలేదు.

ఒక విషయంలో మాత్రం రక్తం మాకు సూటిగా సమాధానం చెబుతుంది. మిగిలిన ఒక్క మూత్రపిండం ఎలా ఉన్నదన్నది. అందుకు సీరం క్రియాటినిన్ పరీక్ష ఉంది. ఆ అంకెను వయసుతో కలిపి లెక్కించి మూత్రపిండం వడకట్టే శక్తిని అంచనా వేస్తారు. రక్తంలోని పదార్థాన్ని రంగు తీవ్రతను బట్టి కొలిచే విద్యలో మన తెలుగువారి చేయి ఉందని చెప్పుకోవడం ఇక్కడ అప్రస్తుతం కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతా ప్రసిద్ధి పొందింది. మూత్రపిండాలు చెడినవారి రక్తంలో భాస్వరం పెరుగుతుంది గనుక ఆ కొలత ఈనాటికీ అవసరమైనదే. ఒంటి మూత్రపిండంతో ఉన్నవారు రక్తపోటును అదుపులో ఉంచుకోవాలి, వైద్యుణ్ణి అడగకుండా ఒళ్లు నొప్పుల మాత్రలు మింగరాదు. పొలం పని చేసే మనుషులకు ఈ రెండోదే కష్టం. మందుల షాపులో అడిగిన వెంటనే దొరికే నొప్పి మాత్రలు మూత్రపిండాన్ని నిశ్శబ్దంగా దెబ్బతీయగలవు. రంజాన్ ఉపవాసాల విషయం అన్నగారు ముందుగానే వైద్యుణ్ణి అడిగారు. క్రియాటినిన్ నిలకడగా ఉన్నందున, ఎండలు ముదరని రోజులు కావడం వల్ల, సహరీ, ఇఫ్తార్ల మధ్య బాగా నీళ్లు తాగుతూ ఉపవాసాలు ఉండవచ్చని, నీరసం వస్తే విరమించాలని చెప్పారు. అందరికీ ఇదే సలహా వర్తించదు. రోగికి ధర్మం ఇచ్చిన వెసులుబాటును వాడుకోవడం కూడా ఆరాధనలో భాగమేనని మరువరాదు.

ఇటువంటి పరిస్థితి ఎదురైన కుటుంబాలకు నా విన్నపం ఇది. రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టుకోండి. ఒక్క అంకె కంటె నాలుగు అంకెల వరుస ఎక్కువ చెబుతుంది. రక్తం ఇచ్చే రోజున జ్వరం, దగ్గు, వాడుతున్న మందులు ఉంటే రిపోర్టు మీదే రాసుకోండి. ఏ పరీక్షకైనా ముందు, "ఈ ఫలితం ఎలా వస్తే మీరు ఏమి మారుస్తారు?" అని వైద్యుణ్ణి అడగండి. ఏమీ మార్చకపోతే ఆ పరీక్ష అవసరమా అన్నది ఆలోచించండి. రోగికి నిజం దాచకండి. మా అన్నగారికి అంతా తెలుసు గనుకనే నిర్ణయం ఆయనది కాగలిగింది. దాచి ఉంటే మేము ఆయన తరఫున పొలాన్నో, ప్రాణాన్నో పణంగా పెట్టి ఉండేవాళ్లం.

పసుపు తింటే క్యాన్సర్ పోతుందని పరామర్శకు వచ్చినవారు ఇప్పటికీ చెబుతుంటారు. అన్నగారు నవ్వుతూ, "పసుపుతోనే పోయేదైతే, పసుపు పండించే నాకే ఎట్లా వచ్చింది?" అంటారు. ఆయన ఈ ఏడు కూడా పసుపు వేశారు. తొమ్మిది నెలల పంట అది. ఆ తొమ్మిది నెలల నడుమ ఒక స్కాన్ ఉంది, రెండు రక్తపరీక్షలు ఉన్నాయి. దుంపలు నాటిన సాయంత్రం గట్టు మీద కూర్చుని, స్కాన్ తేదీని, కాలువకు నీళ్లు వదిలే తేదీని ఒకే క్యాలెండరులో పక్కపక్కన గుర్తు పెట్టించారు నా చేత. రెండింటికీ ఇన్షా అల్లాహ్ అని చేర్చారు. అంకెలు చూపే జాగ్రత్తను పాటించే ఓర్పును, అంకెలకు అందని దానిని ఆయనకు అప్పగించే నిబ్బరాన్ని అల్లాహ్ ప్రతి రోగికీ, ప్రతి రోగి కుటుంబానికీ ప్రసాదించుగాక. ఆమీన్.